ఆరో బావికి అయిదు గంటలు

జూన్ 4

బావగారికి,

నమస్కారాలు అక్కకి. మీకు అభినందనలు మాత్రమే. పదకొండేళ్ళపాటు ఎనిమిది బావుల్ని ఎంత ముద్దుగా చూసుకున్నారో ఇవాళ కళ్ళారా చూశాను. మూడో బావి మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే సుత్తితో కొట్టి తీశాం. ఏడో బావి మూత కింద కందిరీగలు కాపురం పెట్టాయి. నా మోచేతి మీద వాపు చూస్తే మీ పాలన ఎంత చల్లగా సాగిందో తెలుస్తుంది.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఏళ్ళతరబడి పంపు మోత పక్కన నిలబడి మీరు చెవులు పోగొట్టుకున్నారాయె. నేనొకటి అంటే మీరొకటి అంటారు, మధ్యలో అక్క స్పీకరు పట్టుకుని ఇద్దరినీ తిడుతుంది. అందుకే కాగితం.

మీరు రిటైరైన ఉద్యోగంలో నేను చేరి నెల దాటింది. మన ఆఫీసరుగారు, అదే, ఏనాడూ చొక్కా నలగని ఆ ఇస్త్రీ సారు, నన్ను మొదటిసారి ఫీల్డుకు పంపుతూ పలకా బలపం పట్టిన పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, మూతపడిన ఈ ఫ్యాక్టరీలో యంత్రాల జిడ్డు కడిగిన మందు నేలలోకి ఇంకింది. అది కింద నీళ్ళలో ఎటు పాకుతోందో కనిపెట్టడానికే చుట్టూ ఈ బావులు" అని. బావులట! జానెడు వెడల్పు లేని గొట్టాలు, మీద ఒక మూత, మూతకో తాళం. "గొట్టంలో నిలవున్న పాత నీళ్ళు తోడి పారబోయాలి, కొత్త నీళ్ళు ఊరాక సీసాలో పట్టాలి" అని కూడా చెప్పాడు. ఆయన జన్మలో ఒక్క సీసా పట్టిన పాపాన పోలేదని చేతులు చూస్తేనే తెలుస్తోంది.

అసలు సంగతికి వస్తాను. ఏడు బావులు ఇరవై నిమిషాల్లో మళ్ళీ ఊరాయి. ఆరోది మాత్రం అయిదు గంటలు తీసుకుంది. అయిదు గంటలు బావా! బకెట్ తిరగేసి దాని మీద కూర్చుని, గొడుగు పట్టుకుని, నీటిమట్టం టేపు వదిలి చూడటం, తీయడం, మళ్ళీ వదలడం. డ్రైవరు నాలుగుసార్లు టీ తాగొచ్చి అయిదోసారి అన్నాడు కదా, "మేడం, మీ బావగారైతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిపోయేవారు" అని.

ఆ విద్యేదో నాకూ కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

నడుం పట్టేసిన
మీ మరదలు

జూన్ 11

అమ్మడూ,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివి, నాకు వినిపించడం లేదని నా చేతిలో పెట్టింది. వినిపించకపోయినా బాగుండేది.

కందిరీగ కుడితే ఉత్తరం రాసేదానివి, ఈ పని నీకెందుకమ్మా? ఏసీ గదిలో కూర్చుని కాగితాలు కుట్టుకునే ఉద్యోగాలు బోలెడున్నాయి. మూత బిగుసుకుపోతే రెండు చుక్కలు నూనె వేసుకుంటావా? అది కూడా వేయకూడదు, శాంపిల్లోకి పోతుంది. చూశావా, నువ్వు సుత్తి పట్టుకున్నావు, నేను వేడినీళ్ళ గుడ్డ చుట్టి తీసేవాణ్ణి. పని తెలిసినవాడికీ తెలియనిదానికీ అదే తేడా. ఈ చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో నేను శాంపిల్ తీయని బావి లేదు. ఒక్క సీసా వెనక్కి వచ్చింది లేదు.

ఆరో బావి సంగతా? అది కూడా ఇరవై నిమిషాల్లోనే ఊరుతుంది. నీకు ఊరలేదంటే పంపు మరీ లోతుకు దించి బురద కెలికి ఉంటావు. నలభై నాలుగుసార్లు తోడాను దాన్ని. నాకు లేని తంటా నీకెక్కణ్ణుంచి వచ్చింది?

ఇంకో మాట. మా అమ్మాయికి అయిదో నెల నడుస్తోంది. మీ అక్క కీళ్ళకు ఆ ఊరి చలి పడక మేమిక్కడికి వచ్చేశాం గానీ, మనసంతా ఆ కాలనీ ఇంట్లోనే ఉంది. అల్లుడు పొద్దున పోతే సాయంత్రం గానీ రాడు. ఫ్యాక్టరీ గోడ దాటితే వాళ్ళిల్లే కదా, వచ్చే పోయే దారిలో దాన్ని చూసి వెళ్తుండు. ఆ ఊళ్ళో నువ్వుండి ఆ మాత్రం ఉపయోగం కూడా లేకపోతే ఎలా?

నీ అక్క మొగుడు

జూన్ 25

బావగారికి,

మీ అమ్మాయిని రెండుసార్లు చూసి వచ్చాను. బాగానే ఉంది. మీ పోలికే, నా మాట ఒక్కటీ వినదు.

నా సంగతే బాగాలేదు. ల్యాబు ఫలితాలు వచ్చాయి. ఏడు బావులు శుభ్రం. ఆరో బావిలో జిడ్డు కడిగే మందు ఉండవలసిన హద్దుకు నలభై రెట్లు ఉంది. సీసా పట్టేటప్పుడే తియ్యటి వాసన వచ్చింది, నేనే నమ్మలేదు.

ఇస్త్రీ సారు కాగితం చూసి నవ్వాడు. "పదకొండేళ్ళు మీ బావగారికి దొరకనిది మొదటిరోజే నీకు దొరికిందా? అదృష్టవంతురాలివే" అన్నాడు. చేతులు సరిగా కడుక్కోలేదట, సీసా ఎక్కడో ముట్టుకుని ఉంటానట. నేనూ ఊరుకోలేదు. దారిలో మురికేదైనా అంటితే తెలియడానికి మూత తీయని మంచినీళ్ళ సీసా ఒకటి రోజంతా మన వెంట తిప్పుతాం కదా, అది శుభ్రంగా వచ్చింది. నా చేతులే మురికైతే మిగతా ఏడు బావుల సీసాల్లోకి రాని మురికి ఆరోదాని సీసాల్లోకే ఎందుకు పోయింది సార్ అని అడిగాను. దానికి ఆయన చొక్కా కఫ్ సర్దుకున్నాడు.

బావా, ఎగతాళి కాసేపు పక్కన పెడదాం. ఎనిమిదింటిలో కాలనీ వైపు ఉన్నది ఆ ఒక్క ఆరో బావే. దాని రిపోర్టు శుభ్రంగా ఉంటోందన్న ధీమాతోనే కాలనీ ట్యాంకు నింపే బోరును ఈ మందు కోసం ఎవరూ పరీక్షించడం లేదు. ఆ ట్యాంకు నీళ్ళే మీ అమ్మాయి తాగుతోంది. సారేమో నా ఫలితం కొట్టేసి, మూడు నెలల తర్వాత వేరేవాళ్ళతో తీయిస్తానంటున్నాడు. అప్పటికి దానికి ఎనిమిదో నెల వస్తుంది.

మీరు రెండు ముక్కలు రాయండి చాలు. ఆరో బావి నిదానంగా ఊరుతుందనీ, ఆ అమ్మాయి ఓపికపట్టి సరిగానే తీసి ఉంటుందనీ. మీ మాటంటే ఆయనకు వేదం.

మీ మరదలు

జూలై 3

అమ్మడూ,

నాకు ముందే తెలుసు. తోడటం చేతకానప్పుడే అనుకున్నాను, వెనకాల ఇలాంటిదేదో వస్తుందని.

తియ్యటి వాసనా? మీ ఆడపిల్లలు గోళ్ళరంగు తుడుచుకునే మందుకు కూడా అలాంటి వాసనే ఉంటుంది. ముందు రోజు ఏ పెళ్ళికో వెళ్ళి ఉంటావు. నువ్వు చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి నన్ను అబద్ధం రాయమంటున్నావు. ఇరవై నిమిషాల్లో ఊరే బావిని అయిదు గంటలని ఎలా రాయను? పైగా మా అమ్మాయిని మధ్యలోకి లాగుతావా? కడుపుతో ఉన్నదాని పేరు చెప్పి నన్ను బెదిరించేంత గొప్పదానివయ్యావన్నమాట!

ఆ కాలనీ నీళ్ళే నేనూ మీ అక్కా ఇరవై ఏళ్ళు తాగాం. మాకేమైంది? నా చెవులంటావా, అవి పంపు మోతకు పోయాయి, నీళ్ళకు కాదు.

నువ్వడిగినట్టే మీ సారుకు ఉత్తరం రాశాను. నేను చూసిన నలభై నాలుగుసార్లలో ఆరో బావి ఏనాడూ మారాం చేయలేదనీ, కొత్తపిల్లకు ఇంకా చేయి తిరగలేదనీ, కొన్నాళ్ళు సీసాలు కడిగే పని మీద పెడితే నేర్చుకుంటుందనీ రాశాను. నీ మంచికే.

నీ అక్క మొగుడు

జూలై 12

బావగారికి,

మీ ఉత్తరం సారు అందరి ముందూ పైకి చదివాడు. "చేయి తిరగలేదు" అన్నచోట ఆగి నా వంక చూశాడు కూడా. మీ నోటి చలవ వల్ల నేనిప్పుడు సీసాలు కడుగుతున్నాను. సంతోషమేనా? గోళ్ళరంగు మాట కూడా రాశారు చూడండి, దానికి మాత్రం నవ్వొచ్చింది. పదేళ్ళుగా నా గోళ్ళు నేను కొరుక్కుంటానని మీకు తెలుసు. నా పెళ్ళిలో కూడా దానికే కదా వెక్కిరించారు!

సీసాలు కడిగే గది పక్కనే పాత ఫీల్డు పుస్తకాల బీరువా ఉంటుంది. ఆ సంగతి మీరు మరిచిపోయారు.

ఈ ఫ్యాక్టరీ బావుల మీద మీ పుస్తకాలన్నీ చదివాను. దస్తూరీ ముత్యాల్లా ఉంది, ఒప్పుకోవాలి. ప్రతి బావి దగ్గరా మీటరు అంకెలు రాశారు, వేడి ఇంత, ఉప్పు ఇంత అని. మొదటిసారి ఆరో బావి అంకెలు దాని దారి దానివే. తోడటం మొదలుపెట్టిన టైము పదకొండు, ముగించిన టైము నాలుగున్నర. రెండోసారి నుంచి నలభై మూడుసార్లూ అయిదో బావి అంకె ఎంతుంటే ఆరోదానికి దానికంటే ఒకటి ఎక్కువో, ఒకటి తక్కువో. అరవై అడుగుల దూరంలో ఉన్న రెండు బావులు కవలపిల్లలా? నేను తీసిన రోజు రెండింటికీ పొంతనే లేదు. ఇక మీ టైములు! అయిదో బావి అయ్యాక ఆరో బావికి సరిగ్గా ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఆ బావిలో చెంబెడు నీళ్ళు కూడా రావు. పట్టిన సీసాలు మాత్రం నాలుగు.

పనిమంతుడైన బావగారూ, ఆరో బావి సీసాలు అయిదో బావిలో నింపారు. చేయి తిరగడమంటే ఇదేనా?

మీరు మొదటిసారి అయిదున్నర గంటలు కూర్చున్నారు. అంటే అది ఎలా ఊరుతుందో మీకు తెలుసు. తెలిసే నన్ను చేతకానిదానివన్నారు.

సీసాలు కడుగుతున్న
మరదలు

జూలై 17

నీకు,

పెద్దంతరం చిన్నంతరం లేకుండా నోటికొచ్చింది రాశావు. నేను రిటైరైన రోజు ఆ ఆఫీసంతా లేచి నిలబడింది. నువ్వు నా పుస్తకాలు దొంగతనంగా చదివి నాకు లెక్కలు చెబుతావా?

పది రోజులుగా అమ్మాయి నాకు ఫోన్ చేయడం లేదు. మీ అక్కతో మాత్రం మాట్లాడి పెట్టేస్తోంది. దానికి ఏం నూరిపోశావో నాకు తెలుసు. తండ్రీ కూతుళ్ళ మధ్య చిచ్చుపెట్టావు. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

(సంతకం చేయను)

జూలై 23

బావగారికి,

రాయకు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ మాట విని నేను బాగుపడింది ఎప్పుడు?

మీ అమ్మాయికి నేనేమీ నూరిపోయలేదు. మీకు ఫోన్ చేసి అరిచి అరిచి ఆయాసం వస్తోందని అక్కకు చేస్తోంది, అంతే. అదైనా అక్కను అడగాల్సింది. అడగరు. అన్నీ మీకే తెలుసు.

మొన్న సాయంత్రం వెళ్ళాను. ట్యాంకు నీళ్ళు కొన్నాళ్ళు తాగొద్దమ్మా, బజారు నుంచి క్యాను తెప్పించుకో అన్నాను. ఎందుకని అడిగింది. పైపులు పాతవి కదా అని ఏదో సణిగాను. అది పకపకా నవ్వి, "నీకు మరీ చాదస్తం పిన్నీ. ఇవి మా నాన్న చూసిన నీళ్ళు" అంది. కుళాయి తిప్పి గ్లాసు నిండా పట్టి నా ఎదురుగానే గటగటా తాగేసింది. తాగి, గ్లాసు బోర్లించి చూపించింది కూడా, చిన్నప్పుడు పాలు తాగి చూపించినట్టు.

నాకు ఏడుపొచ్చింది బావా. చెప్పేయాలని మాట నోటిదాకా వచ్చింది, ఆగాను. నేను చెబితే నమ్మదు. ల్యాబు కాగితం చూపిస్తే సారు దాన్ని కొట్టేశాడంటుంది. సారు కొట్టేసింది మీ ఉత్తరం చూసి.

అక్కడ మీ మాటకున్న విలువ అంత. ఏం చేసుకుంటారో చేసుకోండి.

మరదలు

ఆగస్టు 1

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మీ అక్కకు చూపించలేదు. ఇవాళ చూపించాను.

నువ్వు రాసిందంతా నిజం. మొదటిసారి కూర్చున్నాను. ల్యాబుకు వెళ్ళేసరికి తలుపులు మూసేశారు, సీసాలు పాడయ్యాయి. సారు అందరి ముందూ, "ఒక్క బావికి రోజంతా తినేస్తే మిగతావి నేను తోడనా?" అన్నాడు. అప్పుడాయన కొత్త, నేను ముదురు. ఆ కుర్రకుంక చేత మాట పడటమా అని రోషం వచ్చింది. రెండోసారి వాన. నేల కింద నీళ్ళన్నీ ఒకటే కదా, అరవై అడుగుల్లో ఏం మారుతుందిలే అనుకుని అయిదో బావిలో పట్టేశాను. శుభ్రంగా వచ్చింది. మూడోసారి వాన లేదు. అయినా అక్కడే పట్టాను. ఆ తర్వాత నిజం చెప్పాలంటే అంతకుముందు చేసిందంతా చెప్పాలి. ఏడాదికేడాది అది పెద్దదైపోయింది.

నువ్వు అయిదు గంటలని రాయగానే నా పని బయటపడుతుందని తెలిసిపోయింది. అందుకే అంత ఎగిరాను. నిన్ను చేతకానిదాన్ని చేస్తే బావి మంచిదైపోతుందన్నట్టు.

సారుకు జరిగింది జరిగినట్టు రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. నకలు ఇందులో ఉంది. అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు. ఈ ఒక్క సాయం చేయి.

బావ

ఆగస్టు 16

బావగారికి,

సారు ఈసారి నవ్వలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, నన్ను కారెక్కించుకుని ఆయనే ఆరో బావి దగ్గరికి వచ్చాడు. "నిజంగా అయిదు గంటలా?" అని దారిపొడవునా అడిగాడు. బకెట్ తిరగేసి చూపించాను, కూర్చోండి సార్ అని. అయిదు గంటల పది నిమిషాలు. చొక్కా అంతా నలిగి చెమటకు వీపుకు అతుక్కుపోయింది. ఇస్త్రీ సారు అన్న పేరు ఇక పనికిరాదు.

నాలుగు రోజుల్లో ఫలితాలు తెప్పించాడు. ఆరో బావిలో నేను చెప్పినంతా ఉంది. కాలనీ ట్యాంకులోనూ ఉంది. బావిలో ఉన్నంత లేదు గానీ, ఉండకూడనంత ఉంది. బోరు ఆపేశారు, రోజూ ట్యాంకరు వస్తోంది. మీ అమ్మాయిని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, కాలనీలో అందరికీ పరీక్షలే కదా అని చెప్పి. బిడ్డ ఎదుగుదల ఇప్పటికి బాగుందట. ముందేమవుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అడగాల్సినవన్నీ అడిగాను, ఆయన చెప్పగలిగింది అంతే.

నన్ను మళ్ళీ ఫీల్డు మీదకు పంపారు. అందుకు మీకు థాంక్స్ చెప్పను.

ఇక మీరు అడిగిన సాయం. చెయ్యను. నా మీద ఉత్తరం రాయడానికి వచ్చిన చేయి, కూతురి దగ్గరికొచ్చేసరికి పడిపోయిందా? బస్సెక్కి రండి. దాని ఎదురుగా నిలబడి మీ నోటితో చెప్పండి. నలభై మూడుసార్లు తప్పించుకున్నారు, చాలు.

మీ మరదలు

ఆగస్టు 22

అమ్మడూ,

నీ గది తలుపు కొట్టాను. ఫీల్డుకు వెళ్ళావని పక్కింటావిడ చేత్తో సైగ చేసి చెప్పింది. తలుపు కింద నుంచి ఇది తోసి వెళ్తున్నాను. చదవగానే బయలుదేరు.

పొద్దున బస్సు దిగి కాలనీకి వెళ్ళేసరికి ట్యాంకరు వచ్చి ఉంది. అమ్మాయి బిందె పట్టుకుని క్యూలో నిలబడింది. బిందె నేను అందుకున్నాను. జనమంతా నా చుట్టూ మూగారు. "మీరున్నన్నాళ్ళూ నీళ్ళు అద్దంలా ఉండేవి సార్, ఈ కొత్తమ్మ వచ్చి ఏం చేసిందో ఏమో" అని నిన్ను తిట్టారు. ఇంటికెళ్ళి అమ్మాయికి ఒక్కదానికే మెల్లగా చెబుదామని వచ్చినవాణ్ణి, ఆ మాట విని ఊరుకుంటే నలభై నాలుగోసారి అవుతుందనిపించింది. అక్కడే చెప్పేశాను, అందరి ముందూ.

తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే నా దగ్గర్నుంచి జరిగి ట్యాంకరు వైపు తిరిగారు. ఒక పెద్దాయన మాత్రం నేను పట్టుకున్న బిందె లాక్కుని అమ్మాయికి తనే నింపి ఇచ్చాడు.

అమ్మాయి ఏడవలేదు. నా ముఖంలోకి చూసి, గట్టిగా, నాకు ఒకేసారికి వినబడేలా ఒక్క మాట అడిగింది.

"ఇంకెన్ని బావుల్లో ఇలా చేశావు నాన్నా?"

నువ్వు అడగలేదు. మీ సారు అడగలేదు. మీ అక్క కూడా అడగలేదు. అది అడిగింది. మీ అందరికీ ఆరో బావి ఒక్కటే కనిపించింది. నా కడుపున పుట్టింది కాబట్టి దానికి నేను తెలుసు.

రెండు, అన్నాను.

ఒకటి, ఫ్యాక్టరీది కాదు, పాత పెట్రోలు బంకు వెనక వేసిన బావుల్లో నాలుగోది. ఆరేళ్ళు. చుట్టూ ఖాళీ స్థలమే, కాస్త ఆగొచ్చు.

ఇంకొకటి, చెత్త దిబ్బ పక్కన వేసిన బావుల్లో రెండోది. తొమ్మిదేళ్ళు. అది కూడా నిదానంగానే ఊరుతుంది. దాని అవతల బడి ఉంది. పిల్లలు తాగేది బడి ఆవరణలో ఉన్న బోరు నీళ్ళే. ఇవాళా రేపూ సెలవు, ఎల్లుండి సోమవారం మళ్ళీ తెరుస్తారు.

హెడ్మాస్టరు ఇల్లు బడి వెనకే. నేను ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాను, ఆ బోరుకు తాళం వేయించడానికి. నా మాట నమ్మాలో వద్దో ఆయనకు ఎలా తెలుస్తుంది? నువ్వు సీసాలు తీసుకుని రా.

బావ